మంగళవారం ఏడింటికి ఒక మీటింగ్ ఉంది

కార్తీక మాసం రాగానే మన ఆఫీసుల్లో, డిపోల్లో, ఫ్యాక్టరీల్లో చాలామంది మాల వేసుకుంటారు. 41 రోజులు మందు ముట్టరు. మాల తీసిన వారానికే మళ్లీ మొదలుపెట్టేవాళ్లు కొందరుంటారు. "నలభై ఒక్క రోజులు ఉన్నాను కదా సార్, కావాలనుకుంటే మానేయగలను, నాకేం వ్యసనం లేదు" అని వాళ్లు చెప్పడం చాలాసార్లు విన్నాను. ఆ 41 రోజులు మనిషిని నిలబెట్టినదాంట్లో భక్తి ఉంది, దాంతోపాటు గట్టి ఏర్పాటు కూడా ఉంది. తెల్లవారుజామున లేవాలి, చన్నీళ్ల స్నానం చేయాలి, రెండు పూటలా పూజ చేయాలి. పక్కన తోటి స్వాములుంటారు, మనసు తేడాగా ఉంటే చెప్పుకోవడానికి గురుస్వామి ఉంటారు. నల్లబట్టలు చూసి ఎవరూ చేతికి గ్లాసు ఇవ్వరు. మాల తీసిన రోజు ఇదంతా ఒకేసారి పోతుంది. ఉద్యోగం, టార్గెట్లు, సాయంత్రం ఏడు గంటలు మాత్రం ఎక్కడికీ పోవు.

సపోర్ట్ గ్రూప్ మీటింగ్ కూడా అలాంటి ఏర్పాటే. తీసేసే తేదీ ఉండదు, అంతే తేడా. వీటిలో పాతది, మన నగరాల్లో దొరికేది ఆల్కహాలిక్స్ అనానిమస్. వాడుకలో ఏఏ అంటారు. 1935లో అమెరికాలో మొదలై, 1957లో ముంబైలో మన దేశంలోకి వచ్చింది. ఫీజు లేదు. చేరడానికి ఒకటే షరతు, తాగుడు మానాలన్న కోరిక ఉండాలి. ఇది నిజంగా పనిచేస్తుందా అని అడిగేవాళ్లకు ఒక ఆధారం చెబుతాను. వైద్య పరిశోధనలను జల్లెడ పట్టే కాక్రేన్ సంస్థ 2020లో 27 అధ్యయనాలను, అందులోని పదివేల మందికి పైగా మనుషుల ఫలితాలను కలిపి చూసింది. పూర్తిగా మానేసి ఉండటం అనే లెక్కలో, పద్ధతి ప్రకారం ఏఏ వైపు నడిపించే చికిత్స మిగతా చికిత్సలకంటే మెరుగ్గా కనిపించింది. అందరికీ పనిచేస్తుందని దీని అర్థం కాదు. ప్రయత్నించి చూడటానికి మాత్రం ఈ కారణం చాలు.

మీకు అవసరమా కాదా తేల్చుకోవడానికి డాక్టర్లు వాడే నాలుగు ప్రశ్నలున్నాయి. తగ్గించుకోవాలని ఎప్పుడైనా అనిపించిందా? మీ తాగుడు గురించి ఎవరైనా అంటే చిరాకు వచ్చిందా? తాగినందుకు తప్పుచేసినట్టు అనిపించిందా? పొద్దున్నే వణుకు తగ్గడానికో, హ్యాంగోవర్ పోవడానికో మళ్లీ తాగారా? రెండింటికి అవునంటే డాక్టర్‌ని కలవాల్సిన స్థితి. "నా ఉద్యోగం బాగానే సాగుతోంది కదా" అన్నది ఇక్కడ చెల్లదు. మందుకు డబ్బు జీతంలోంచే రావాలి కాబట్టి, చాలామంది ఆరోగ్యం పోయాక, ఇంట్లో మాటలు ఆగిపోయాక కూడా ఉద్యోగాన్ని పట్టుకునే ఉంటారు. అది జారడం మొదలయ్యేసరికి మిగతావన్నీ జారిపోయి ఉంటాయి.

మీటింగ్ కంటే ముందు చూసుకోవాల్సినది ఒకటుంది. రోజూ ఎక్కువగా తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపకూడదు. ఆపిన 6 నుంచి 48 గంటల మధ్య ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి లేనివి కనిపించడం, వినిపించడం, విపరీతమైన వణుకు, జ్వరం, మనుషుల్ని పోల్చుకోలేకపోవడం మొదలవుతాయి. దీంట్లో ప్రాణం పోవచ్చు. మాల వేసుకున్న రోజునే ఠక్కున మానేసినవాళ్లకూ ఇదే ప్రమాదం. శుక్రవారం రాత్రి "ఇదే ఆఖరు" అనుకుని శని, ఆదివారాలు గదిలో ఒంటరిగా ఓర్చుకోవాలని ప్లాన్ వేయకండి. సైకియాట్రిస్ట్‌ని గానీ జనరల్ ఫిజీషియన్‌ని గానీ కలిసి ఎంత తాగుతున్నారో తగ్గించకుండా చెప్పండి. కొద్ది రోజుల మందులు, బీ1 విటమిన్, అవసరమైతే అడ్మిషన్ రాస్తారు. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖలో చినవాల్తేరు ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉన్నాయి. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే వ్యసనాల కోసం కేంద్రం పెట్టిన 14446కి, మానసిక ఆరోగ్యం కోసం ఉన్న టెలీ మానస్ 14416కి ఫోన్ చేయవచ్చు. రెండూ టోల్ ఫ్రీ.

ఖర్చు విషయంలో ఒక జాగ్రత్త. మీ గ్రూప్ ఇన్సూరెన్స్‌లో ఇది కవర్ అవుతుందని ముందే అనుకోకండి. 2017 మానసిక ఆరోగ్య చట్టం మద్యం వాడకానికి సంబంధించిన మానసిక సమస్యలను కూడా తన పరిధిలోకి తీసుకుంది. అయినా చాలా పాలసీల్లో మద్యపాన వ్యసన చికిత్సకు మినహాయింపు ఉంటుంది. అడ్మిట్ కాకముందే పాలసీ కాగితంలో మినహాయింపుల పేజీ చదవండి. ప్రైవేటు డీఅడిక్షన్ సెంటర్ అయితే లైసెన్స్ చూపించమనండి, డ్యూటీలో సైకియాట్రిస్ట్ ఎవరో అడగండి. రాత్రికి రాత్రి మనుషులొచ్చి ఎత్తుకెళ్లే సెంటర్, ఇంటివాళ్లను నెలల తరబడి కలవనివ్వని సెంటర్ జోలికి పోవద్దని ఇంట్లో కూడా చెప్పి ఉంచండి. ఏఏ పేరుతో ఎవరైనా ఫీజు అడిగితే అది ఏఏ కాదు. సభ్యులు తమలో తాము వేసుకునే చందాతోనే అది నడుస్తుంది, బయటి విరాళాలు తీసుకోదు.

ఇక మీటింగ్ వెతకడం. ఏఏ ఇండియా వెబ్‌సైట్‌లో ఊరి వారీగా మీటింగ్‌ల జాబితా, హెల్ప్‌లైన్ ఉంటాయి. ఆసుపత్రుల డీఅడిక్షన్ వార్డుల్లో పనిచేసే కౌన్సెలర్లకు సాధారణంగా దగ్గర్లోని గ్రూపులు తెలిసి ఉంటాయి. ఇక్కడ జరిగే పొరపాటు ఏంటంటే, జాబితాలో ఉన్న అడ్రస్ చూసి నేరుగా బయల్దేరడం. గదులు మారుతుంటాయి, టైమ్ మారుతుంది, కొన్ని గ్రూపులు ఆగిపోతాయి. ఎంతో ధైర్యం చేసుకుని వెళ్లిన మనిషికి తాళం వేసిన గేటు కనిపిస్తే, ఆ దారిలోనే వైన్ షాప్ కూడా కనిపిస్తుంది. అందుకే ముందు ఫోన్ చేయండి. అటువైపు ఎత్తేది జీతానికి పనిచేసే ఉద్యోగి కాదు, మీలాగే తాగి మానినవాడు, తన పనుల్లో ఉంటాడు. ఒకసారి ఎత్తకపోతే సాయంత్రం మళ్లీ చేయండి. "మొదటిసారి వస్తున్నాను. ఈ వారం మీటింగ్ ఉందా? ఏ గేటు, ఎన్నో అంతస్తు? తెలుగులో జరుగుతుందా, ఇంగ్లీషులోనా? ఓపెనా, క్లోజ్డా?" ఈ నాలుగు మాటలు చాలు. ఓపెన్ మీటింగ్‌కి ఎవరైనా రావచ్చు, భార్యనో తమ్ముడినో వెంట తీసుకెళ్లవచ్చు. క్లోజ్డ్ అయితే తాగుడు మానాలనుకునేవాళ్లకే. చాలా మీటింగ్‌లు చర్చి ఆవరణలో, స్కూలు గదుల్లో జరుగుతాయి. తక్కువ ఖర్చులో గది దొరుకుతుంది కాబట్టి అక్కడ పెట్టుకుంటారు, మత ప్రచారం కోసం కాదు. మీటింగ్‌లో దేవుడి మాట వస్తుంది. ఆ దేవుణ్ని ఎవరికి తోచినట్టు వాళ్లు అర్థం చేసుకోవచ్చన్నది వాళ్ల పద్ధతి. ముస్లింలు, హిందువులు, క్రైస్తవులు, ఏ నమ్మకం లేనివాళ్లు ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు. అది అస్సలు మింగుడుపడనివాళ్లకు స్మార్ట్ రికవరీ అనే మరో పద్ధతి ఉంది. ఆలోచన, ప్రవర్తన మార్చుకునే చికిత్స ఆధారంగా నడుస్తుంది, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది.

మీటింగ్ దొరికినా ఉద్యోగి ఓడిపోయేది క్యాలెండర్ దగ్గరే. హైటెక్ సిటీలో ఒక టెస్ట్ లీడ్ ఉన్నాడనుకుందాం. అమెరికా తూర్పు తీరంలో క్లయింట్, అక్కడి పొద్దున తొమ్మిదింటికి స్టాండప్. వేసవిలో అది మనకు సాయంత్రం ఆరున్నర. పావుగంటలో కాల్ ముగించి ఏడున్నర మీటింగ్‌కి చేరుకుంటున్నాడు. నవంబరులో అక్కడ గడియారాలు మార్చగానే అదే కాల్ మనకు ఏడున్నరకు జరుగుతుంది. "ఈ వారం కుదర్లేదు, వచ్చే వారం చూద్దాం" అంటాడు. మూడు వారాలు అలా గడిస్తే, నాలుగో వారం టీమ్ ఔటింగ్‌లో గ్లాసు చేతిలో ఉంటుంది. ఇది మనోబలం లేక జరిగింది కాదు. కాల్ టైమ్ మారుతుందని అతనికి నెల ముందే తెలుసు, ఆదివారం పొద్దుటి మీటింగ్‌కి మారితే సరిపోయేది. మీరు వెళ్లే మీటింగ్‌కి తోడుగా ఇంకో రోజున ఇంకో మీటింగ్, అదీ కుదరనప్పుడు ఒక ఆన్‌లైన్ మీటింగ్, ఇలా మూడూ ముందే రాసి పెట్టుకోండి. కొత్తవాళ్లకు 90 రోజుల్లో 90 మీటింగ్‌లు చేయమని ఏఏలో పాతవాళ్లు చెబుతారు. మన ట్రాఫిక్‌లో, మన షిఫ్టుల్లో అది చాలామందికి అయ్యే పని కాదు. ఆన్‌లైన్‌తో కలిపి వారానికి మూడు నాలుగు మాత్రం మొదటి మూడు నెలలు తప్పకుండా పెట్టుకోండి.

మేనేజర్‌కి ఎంత చెప్పాలి? అవసరమైనంతే. "మంగళ, శుక్రవారాల్లో సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర వరకు నాకు హెల్త్ అపాయింట్‌మెంట్ ఉంటుంది. మూడు నెలలు ఇలాగే. తొమ్మిది తర్వాత ఏదైనా అర్జెంటుంటే లాగిన్ అవుతాను." ఇది అబద్ధం కాదు. రోజులు, టైమ్, బదులుగా మీరు ఇచ్చేది, మూడూ ఇందులో ఉన్నాయి. చాలామంది మేనేజర్లకు కావాల్సింది ఇదే. మనసు బరువెక్కి ఉన్న రోజున మొత్తం కథ చెప్పేయాలనిపిస్తుంది, ఆ రోజు చెప్పకండి. ఒకసారి చెప్పినది వెనక్కి తీసుకోలేరు, రేపు అప్రైజల్ గదిలో ఆ మాట మీకు వినిపించకుండా తిరగవచ్చు.

తాగి ఆఫీసుకి వచ్చారని ఇప్పటికే వార్నింగ్ లెటర్ అందుకున్నవాళ్ల పరిస్థితి వేరు. అక్కడ దాచడానికి ఏమీ మిగల్లేదు. కంపెనీ తర్వాతి అడుగు వేసేలోపే హెచ్‌ఆర్ దగ్గరికి వెళ్లి, చికిత్సలో ఉన్నానని కాగితంతో చెప్పడం మేలు. ఆ కాగితం డాక్టర్ దగ్గర తీసుకోండి. ఏఏ హాజరు లెక్క రాయదు, సర్టిఫికెట్ ఇవ్వదు. "మీటింగ్‌లకు వెళ్తున్నాను" అన్న మాట ఒక్కటే ఎంక్వైరీలో నిలబడదు.

డ్రైవింగ్ డ్యూటీ చేసేవాళ్లకు ఇంకో సంగతి. డిపోలో బ్రెత్ ఎనలైజర్ పెట్టేది పొద్దున, తాగింది రాత్రి. నిద్రపోయి లేచినంత మాత్రాన రక్తంలోంచి మందు పోదు. చట్టం పెట్టిన పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు. మొదటిసారి దొరికితేనే ఆరు నెలల వరకు జైలు గానీ పదివేల రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. షిఫ్టులు వారం వారం మారే ఉద్యోగికి ఒకే మీటింగ్ మీద ఆధారపడటం కుదరదు. పొద్దుటిదొకటి, సాయంత్రానిదొకటి తెలిసి ఉండాలి.

మొదటి మీటింగ్ గంట, గంటన్నర ఉంటుంది. ఒక చిన్న ప్రార్థన, కాసేపు పుస్తకంలోంచి చదవడం, తర్వాత ఒక్కొక్కరూ తమ అనుభవం చెబుతారు. "నా పేరు ఫలానా, నేను ఆల్కహాలిక్‌ని" అని మొదలుపెడతారు. ఒకరు మాట్లాడుతుంటే మధ్యలో మిగతావాళ్లు సలహా ఇవ్వరు, తప్పుపట్టరు. మీ వంతు వచ్చినప్పుడు "ఇవాళ వింటాను" అంటే చాలు. చందా సంచి తిరుగుతుంది, కొత్తవాళ్లు వేయనక్కర్లేదు. ఇవన్నీ ఎవరైనా చెబుతారు. నేను గట్టిగా చెప్పదలచుకున్నది మీటింగ్ అయిపోయాక టీ తాగే పది నిమిషాల గురించి. కొత్తగా వచ్చినవాళ్లు ముగింపు ప్రార్థన కాగానే చెప్పులేసుకుని వెళ్లిపోతారు, బయట ఎవరైనా చూస్తారని భయం. అసలు పని జరిగేది ఆ పది నిమిషాల్లోనే. ఇద్దరి ముగ్గురి ఫోన్ నంబర్లు తీసుకోండి. మర్నాడు ఏమీ అవసరం లేకపోయినా ఒకరికి ఫోన్ చేయండి. మామూలుగా ఉన్న రోజున రెండు నిమిషాలు మాట్లాడటం అలవాటైతేనే, గొంతు ఎండిపోతున్న రోజున ఆ నంబర్ నొక్కడానికి చెయ్యి వస్తుంది. కొంతకాలం చూసి, మానేసి చాలా ఏళ్లైన ఒకరిని స్పాన్సర్‌గా, అంటే దారి చూపే తోడుగా, ఉండమని అడుగుతారు. మగవాళ్లు మగవాళ్లనే, ఆడవాళ్లు ఆడవాళ్లనే అడగడం ఆనవాయితీ. ఆ ఆనవాయితీ మంచిది. కొత్తగా మానినవాళ్లు మెత్తబడి ఉంటారు, ఆ సమయంలో దగ్గరయ్యే సంబంధాలు ఇద్దరికీ చేటు చేస్తాయి. మహిళా ఉద్యోగులకు మన దగ్గర రహస్యం మరింత అవసరం, గదిలో ఆడవాళ్లు తక్కువగా ఉంటారు. ముందు ఫోన్‌లో ఒక మహిళా సభ్యురాలితో మాట్లాడించమని అడగండి, ఆన్‌లైన్‌లో మహిళల మీటింగ్‌లు ఉన్నాయి, వాటితో మొదలుపెట్టండి.

రెండో మీటింగ్‌కి రాకపోవడానికి అందరూ చెప్పే కారణం ఒకటే. "వాళ్లంతా ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్నవాళ్లు, నేను అంత దూరం రాలేదు." నిజమే కావచ్చు. వాళ్లు కూడా ఒకప్పుడు మీరు ఇప్పుడున్న మెట్టు మీదే ఉన్నారు. ఎంత పోయింది అని పోల్చకండి. గ్లాసు కింద పెట్టలేకపోవడం, పొద్దున్నే ఒట్టు, సాయంత్రానికి దాన్ని తప్పడం, ఇవి కలుస్తున్నాయా చూడండి. ఒక గ్రూప్ నచ్చకపోతే ఇంకో గ్రూప్‌కి వెళ్లండి, గదికీ గదికీ చాలా తేడా ఉంటుంది.

రహస్యం గురించి స్పష్టంగా ఉండండి. అక్కడ విన్నది బయట చెప్పరన్నది గట్టి సంప్రదాయం, చట్టం మాత్రం కాదు. డాక్టర్‌కి చెప్పినది, లాయర్‌కి చెప్పినది చట్టం కాపాడుతుంది, మీటింగ్‌లో చెప్పినదానికి అలాంటి రక్షణ ఉందనుకోవద్దు. కంపెనీ పేరు, క్లయింట్ పేరు, మీ మీద నడుస్తున్న కేసు వివరాలు చెప్పనక్కర్లేదు. ఆన్‌లైన్ మీటింగ్‌లో ఆఫీస్ ల్యాప్‌టాప్‌తో చేరకండి. కంపెనీ మెషిన్‌లో మీరు తెరిచేవన్నీ ఎక్కడో ఒకచోట నమోదు కావచ్చు. సొంత ఫోన్ వాడండి, స్క్రీన్ మీద ఇంటిపేరు తీసేయండి, ఆఫీస్ క్యాలెండర్‌లో మీటింగ్ పేరు రాయకండి. గదిలో మీ పాత మేనేజరో, మీ వెండరో కనిపించవచ్చు. కంగారు పడకండి, ఆయన కూడా మీరు వచ్చిన పనికే వచ్చాడు. ఆఫీసులో ఎదురైతే రోజూ పలకరించినట్టే పలకరించండి. అక్కడ పరిచయమైనవాళ్లకు రెజ్యూమె పంపడం, చిట్టీ వేయమనడం, అప్పు ఇవ్వడం, తీసుకోవడం వద్దు. డబ్బు చెడితే మీటింగ్‌కి వెళ్లడానికి ముఖం చెల్లదు.

మందుల విషయంలో ఇంకో తప్పు జరుగుతుంటుంది. గ్రూపులో ఎవరో పెద్దాయన "టాబ్లెట్లు కూడా మత్తే, ఆపేయ్" అంటాడు. ఏఏ ప్రచురణలే సభ్యులు డాక్టర్ పాత్ర పోషించవద్దని చెబుతున్నాయి. డాక్టర్ రాసినవి డాక్టర్ చెబితేనే ఆపాలి. ఇంట్లోవాళ్లకూ ఒక మాట. భర్తకు తెలియకుండా కూరలో, కాఫీలో తాగుడు మాన్పించడానికి ఇచ్చే డైసల్ఫిరామ్ కలపడం చాలా ప్రమాదం. ఆ మందు ఒంట్లో ఉండగా అతను తాగితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఇంటివాళ్ల కోసం ఆల్‌అనాన్ అని విడిగా గ్రూపులున్నాయి. అతను మీటింగ్‌కి వెళ్లినా వెళ్లకపోయినా ఆమె వెళ్లవచ్చు.

టూర్‌లు, క్లయింట్ డిన్నర్లు మానేయమని చెప్పే స్థితిలో మనం లేము. సేల్స్‌లో ఉన్నవాళ్లకు డీలర్లతో సిట్టింగ్ ఉద్యోగంలో భాగమైపోయింది. వెళ్లండి, ఏర్పాటుతో వెళ్లండి. సొంత బండిలో వెళ్లండి, లేచి రావడం మీ చేతిలో ఉంటుంది. ఆకలితో వెళ్లకండి. కూర్చోగానే సోడా తెప్పించుకుని గ్లాసు చేతిలో ఉంచుకోండి, ఖాళీ చెయ్యి కనిపిస్తేనే అందరూ పోస్తామంటారు. ఎవరైనా అడిగితే "నేను తాగట్లేదు" అని ఆపేయండి. "ఇవాళ వద్దు" అంటే బేరం మొదలవుతుంది. జాండిస్ వచ్చిందని అల్లితే వచ్చే నెల దానికి ఇంకో కథ కావాలి. భోజనం అవగానే బయల్దేరండి, తొమ్మిదిన్నర తర్వాత అక్కడ ఆర్డర్ల మాట ఎవరూ మాట్లాడరు. వేరే ఊరు వెళ్తుంటే టికెట్‌తో పాటే ఆ ఊళ్లో మీటింగ్ ఎక్కడుందో చూసుకోండి, గదిలో మినీబార్ ఉంటే ఖాళీ చేయించమని హోటల్‌కి ముందే చెప్పండి. అసలు ఏఏ పుట్టింది ఇలాంటి టూర్‌లోనే. 1935 మే నెలలో న్యూయార్క్ స్టాక్ వ్యాపారి బిల్ విల్సన్ బిజినెస్ పని మీద ఆక్రన్ నగరానికి వెళ్లాడు. పని చెడింది. హోటల్ లాబీలో ఒక పక్క బార్, చేతిలో కొద్దిపాటి డబ్బు. ఆయన బార్‌లోకి పోకుండా ఫోన్ దగ్గరికి వెళ్లి, చర్చిల జాబితా చూసి ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తూ, తనలా తాగుడుతో బాధపడే ఇంకో మనిషి కోసం అడిగాడు. అలా కలిసినవాడు డాక్టర్ బాబ్ స్మిత్. ఆయన ఆఖరుసారి తాగిన జూన్ 10ని సంస్థ పుట్టినరోజుగా లెక్కిస్తారు.

అమెరికాలో వీసా మీద ఉన్న మనవాళ్లకు ఒక హెచ్చరిక. తాగి డ్రైవ్ చేస్తూ అరెస్టయితే, కోర్టు ఏమీ తేల్చకముందే వీసా రద్దు కావచ్చు. అక్కడ మీటింగ్ గైడ్ అనే యాప్‌లో దగ్గర్లోని మీటింగ్‌లు కనిపిస్తాయి. తెలుగులో మాట్లాడాలనిపిస్తే ఇక్కడి ఆన్‌లైన్ మీటింగ్‌లకు అక్కడి నుంచే చేరవచ్చు, టైమ్ తేడా చూసుకుంటే చాలు.

కొన్ని నెలలు బాగా గడిచాక మళ్లీ తాగడం చాలామందికి జరుగుతుంది. గో లైవ్ రాత్రులు, ప్రమోషన్ రాని రోజు మాత్రమే కాదు, బోనస్ పడిన రోజు కూడా ప్రమాదమే. సంతోషంగా ఉన్న రోజున మనిషి కాపలా తీసేస్తాడు. తాగారనుకుందాం. ఆ రాత్రి బండి తీయకండి. మర్నాడు స్పాన్సర్‌కి ఫోన్ చేసి జరిగింది చెప్పండి. సిగ్గుతో రెండు వారాలు మీటింగ్‌కి దూరంగా ఉంటే ఒక్కరోజు తాగుడు రెండు వారాల తాగుడు అవుతుంది. వరసగా కొన్ని రోజులు తాగి ఉంటే మళ్లీ ఒక్కసారిగా ఆపకండి, ముందు డాక్టర్‌ని కలవండి, వణుకు మొదటిసారి కంటే ఎక్కువగా రావచ్చు. డాక్టర్‌కి ఎన్ని రోజులు, ఎంత అన్నది సరిగ్గా చెప్పండి, మందు మోతాదు దాని మీదే ఆధారపడుతుంది. తర్వాత వచ్చే మొదటి మీటింగ్‌లో, వీలైతే మొదటి పది నిమిషాల్లోనే, చెయ్యెత్తి చెప్పేయండి. అక్కడ కూర్చున్నవాళ్లలో చాలామంది ఆ మాట ఏదో ఒకరోజు చెప్పినవాళ్లే. ఆ వారం క్యాలెండర్‌లో ఇంకో రెండు మీటింగ్‌లు చేర్చండి, ఏ రోజు, ఏ గంటకు, ఎవరితో ఉన్నప్పుడు జారారో ఒక కాగితం మీద రాసి స్పాన్సర్‌తో కూర్చుని చూడండి. వచ్చే బోనస్ తేదీ మీకు ముందే తెలుసు. ఆ సాయంత్రం ఎక్కడ ఉండాలో కూడా ఇప్పుడే రాసుకోండి.